ఎనభై గళ్ల అట్ట

నాకు తప్పులు పట్టే జబ్బు ఉంది. ఒకప్పుడు దీన్ని గొప్పగా చెప్పుకునేదాన్ని.

పంతొమ్మిదో ఏట మా ఊరు రూసెలోని లెక్కల కేంద్రంలో ఉద్యోగానికి చేరాను. కంప్యూటర్ ఒక హాలంత ఉండేది, దాని దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. పక్క గదిలో ఒక అమ్మాయి కాగితం చూసి అట్ట కార్డుల మీద రంధ్రాలు కొట్టేది. కార్డుకి ఎనభై గళ్లు, గడికొక అక్షరం. అదే కాగితం చూసి అవే అక్షరాలు నేను మళ్లీ కొట్టాలి. నా మెషీను రంధ్రం పెట్టదు, సరిచూస్తుంది, అంతే. ఆమె కొట్టినదానికీ నేను కొట్టినదానికీ తేడా వస్తే టక్కున ఆగిపోయి ఎర్ర దీపం వెలిగేది. పదకొండేళ్లు అలా గడిచాయి. దీపం వెలిగిన ప్రతిసారీ తప్పు అవతలి పిల్లదేనని నా నమ్మకం. నాది కూడా అయ్యుండొచ్చని ఒక్కనాడూ అనుకోలేదు. కార్డుల కాలం పోయింది, నేను వేరే బల్లల దగ్గర కూర్చున్నాను, ఆఖరికి పింఛను కూడా వచ్చింది. ఆ కన్ను మాత్రం నన్ను వదల్లేదు.

మా వీధి మందుల షాపులో ఇల్కా అని ఒక పిల్ల ఉంది. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఒకరోజు నా బీపీ మాత్రలు సంచిలో వేస్తూ, "పిన్నీ, ఊరికే నా బిల్లులో తప్పులు వెతికే బదులు ఇది చూడు, నీకు చేతినిండా పని దొరుకుతుంది" అని ఫోను చూపించింది. అదీ "తెరిచిన తలుపు" నాకు పరిచయమైన తీరు.

ప్రతి గురువారం సాయంత్రం నెట్‌లో వచ్చేది, అరగంట. వారానికొక దొంగతనం. ఒకసారి పళ్ల డాక్టరు ఆఫీసు, ఒకసారి రొట్టెల ఫ్యాక్టరీ, ఒకసారి లాటరీ కౌంటరు. వాళ్ల కంప్యూటర్లలోకి ఎవడో దూరతాడు. ఎలా దూరాడో, ఏ కంత వదిలేస్తే దూరాడో మెల్లగా విప్పి చెబుతారు. చెప్పేది ఒక్కడే. తన పేరు కాపలాదారు అన్నాడు. మొహం ఎప్పుడూ చూపించలేదు. ఒక బల్ల, ఒక తెర, గ్లవ్స్ తొడుక్కున్న రెండు చేతులు, పీపాలోంచి మాట్లాడినట్టు మెషీను మార్చేసిన గొంతు. మొదటి భాగంలోనే ఒక మాట చెప్పాడు: "నేను పనిచేసే చోట ఇలాంటి కంత ఒకటి చూసి పైవాళ్లకి చెప్పాను. నోరు మూసుకోమన్నారు. ఇక్కడ చెబుతున్నాను. నా పేరు బయటపడిన రోజు ఈ షో ఉండదు, నా ఉద్యోగమూ ఉండదు." ఆ మాట మేమందరం విన్నాం. నేనైతే రెండుసార్లు విన్నాను.

చివర్లో ఒక ఆట ఉండేది. "ఈ వారం ఒక తలుపు తెరిచి ఉంచాను, కనుక్కోండి" అనేవాడు. అంటే ఆ అరగంటలో ఎక్కడో ఒకచోట కావాలని ఒక పొరపాటు వదిలేవాడు. కప్పు అడుగున రాసిన పాస్‌వర్డు, తాళాల గుత్తికి అంటించిన ఇంటి నంబరు, కళ్లజోడు అద్దంలో ఆనీ ఆనని తెర. ముందుగా కనిపెట్టి కామెంట్లలో రాసినవాళ్ల పేరు మరుసటి గురువారం ఆ పీపా గొంతుతో చదివేవాడు.

ఆ చదివే పేరు నాది కావాలని నాకు ఎంత కోరికో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అరవై ఒక్క ఏళ్లదాన్ని. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిచి "వెలిచ్కా, భలే పట్టావు" అంటే వినాలనిపించేది.

ఇల్కా కామెంట్లలో వెతికి మా ఊరివాళ్లని ఇంకో ఇద్దర్ని పోగుచేసింది. శనివారం మూడింటికి నది ఒడ్డు పార్కులో కాఫీ కొట్టు, గోడవార బల్ల. ఒకడు మించో, లిఫ్టులు బాగుచేస్తాడు, మాట్లాడితే పక్క బల్లలు కూడా వింటాయి. రెండోవాడు స్పాస్, ఏభై దాటినవాడు, ఏదో బీమా కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. నోట్లో నాలుక లేదు. ఐదు కొట్టగానే, "ఇంటి దగ్గర పనుంది" అని లేచి వెళ్లిపోయేవాడు.

రెండేళ్లలో స్పాస్ ఒక్క తలుపూ కనిపెట్టలేదు.

"నీ ఎదురుగా ఏనుగొచ్చి నించున్నా గోడ రంగు బావుందంటావు నువ్వు" అనేవాడు మించో.

"నాకంత చురుకు లేదు మించో."

"కంప్యూటర్లు నీ చేతిలో పెట్టిన ఆ కంపెనీని చూడాలి. దేవుడే కాపాడుతున్నాడు వాళ్లని."

స్పాస్ నవ్వి ఊరుకునేవాడు. కనిపెట్టేది లేకపోయినా అడగడం మాత్రం అడిగేవాడు. "ఈ వారం బావుందా, వెలిచ్కా గారూ? ఎక్కడ విసుగొచ్చింది?" నేను మొదలుపెట్టేదాన్ని. మధ్యలో పది నిమిషాలు నిద్రొచ్చింది. జోకు ఒక్కటి పేలలేదు. ఆ గ్లవ్స్ చూస్తే గిన్నెలు తోమడానికొచ్చినవాడిలా ఉన్నాడు, వెనక ఆ కర్టెను వాళ్ల అమ్మ కుట్టిందేమో, పాపం. స్పాస్ అన్నీ చిన్న కాగితం మీద రాసుకునేవాడు. మరుసటి వారం గ్లవ్స్ మారేవి, జోకులు పెరిగేవి. "చూశారా, మనం అనుకున్నట్టే చేశాడు! వాడికి మన బుర్రే ఉంది!" అని మేం బల్ల చరిచేవాళ్లం. స్పాస్ కూడా చరిచేవాడు.

బల్లకి ఒక నియమం ఉండేది. తలుపు ఎవరికి దొరికినా ముందు శనివారం ఇక్కడ చెప్పాలి. నలుగురం సరిచూడాలి. అప్పుడు ఇల్కా "రూసె శనివారం బల్ల" అన్న పేరుతో రాస్తుంది. ఈ నియమం పెట్టింది ఎవరనుకున్నారు? స్పాసే. "పొరపాటైతే మన నలుగురి మధ్యే ఉండిపోతుంది కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండేది. మేం శనివారం దాకా ఆగేలోపు వార్నా ఊరి కాలేజీ పిల్లలు శుక్రవారమే రాసేసేవారు. ఎప్పుడైనా మేం ముందున్నా చదివేది బల్ల పేరు, నా పేరు కాదు.

ఒక శనివారం నా పాత కార్డుల కట్ట ఒకటి తీసుకెళ్లాను. లెక్కల కేంద్రం మూసేసినప్పుడు తెచ్చుకున్నవి, రంధ్రాలు పడని కొత్తవి. సరుకుల జాబితా రాసుకోవడానికి బావుంటాయని తలా పాతిక పంచాను. స్పాస్ ఒక్కడే వాటిని తిప్పి తిప్పి చూసి, "ఏ అక్షరం ఎక్కడ పడుతుందో మీకింకా గుర్తుందా?" అని అడిగాడు. గుర్తుండటమేమిటి, కళ్లు మూసినా కనిపిస్తాయి నాకు. రెండు శనివారాలు పెన్సిలుతో చుక్కలు పెట్టి నేర్పాను. పళ్లెంలో పొద్దుతిరుగుడు గింజలు చల్లి, "ఈ వరసలో ఒకటి, ఆ వరసలో ఒకటి, అంటే ఏ అక్షరం?" అని పరీక్ష కూడా పెట్టాను. వాడు తప్పు చెబితే కాఫీ చెంచాతో కప్పు మీద కొట్టేదాన్ని, అదే మా ఎర్ర దీపం. మించో పగలబడి నవ్వాడు. నా ఉద్యోగం గురించి ఎవరైనా అంత ఆసక్తిగా అడగడం నాకు అదే మొదటిసారి, అదే ఆఖరు.

ఆ శరదృతువులో స్పాస్ గడ్డం పెంచడం మొదలుపెట్టాడు. ఒక వారం మాసిన గడ్డం, రెండో వారం ముళ్లకంప, నాలుగో వారానికి నెరిసిన గడ్డం మెడ దాకా వచ్చింది.

"ఏం స్పాస్, హ్యాకరులా కనపడాలనా?" అన్నాను నేను.

"ఊరికే, వెలిచ్కా గారూ."

ఐదింటికి లేవడం కూడా మానేశాడు. ఆరైనా, ఆరున్నరైనా కొట్టువాడు కుర్చీలు ఎత్తేదాకా కూర్చునే ఉండేవాడు.

"మీ ఆవిడ వదిలేసిందేంట్రా? ఇంటికెళ్లే తొందరే లేదు" అన్నాడు మించో.

స్పాస్‌కి పెళ్లే కాలేదు. ఆ సంగతి కూడా మాకు తెలీదు. రెండేళ్లలో వాడి ఇంటి సంగతి ఒక్కటి అడిగిన పాపాన పోలేదు. మా ఊళ్లో మగవాడు నలభై రోజులు గడ్డం గియ్యలేదంటే ఎందుకో పసిపిల్లకి కూడా తెలుసు. మా నాన్న పోయినప్పుడు మా తమ్ముడి గడ్డానికి నేనే దువ్వెన ఇచ్చాను. ఎదురుగా వారం వారం పెరుగుతున్న గడ్డం చూస్తూ నేను హ్యాకరు జోకు వేశాను.

నూట ఐదో భాగం నవంబరులో ఒక గురువారం వచ్చింది. శుక్రవారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. ఆ వారం దొంగతనం ఒక స్టీమరు టిక్కెట్ల ఆఫీసులో. నాకు దొంగతో పనిలేదు, బల్ల మీద సామాను చూసుకుంటూ పోయాను. పధ్నాలుగో నిమిషంలో వాడి చెయ్యి పక్కకి జరిగింది. బల్ల మీద ఎప్పుడూ ఉండే స్టీలు కెటిలు పొట్టమీద తెల్లగా ఏదో మెరిసింది. ఆపాను. పెద్దది చేశాను. నల్ల అంచున్న కాగితం.

చావు కాగితం. మా తలుపుల మీద, చెట్ల మీద, బస్‌స్టాపుల్లో అంటిస్తామే, ఫొటో, పేరు, ఎన్నాళ్లయిందో వేసి, అదే. ఎక్కడో అలమారకి ఆనించి పెట్టారు, కెటిల్లో దాని నీడ పడింది. అక్షరాలు తిరగబడి, పొట్ట వంపుకి సాగి ఉన్నాయి. హ్యాండుబ్యాగులోంచి చిన్న అద్దం తీసి తెర ఎదురుగా పట్టాను. ఒక ముసలామె ఫొటో, తలకి రుమాలు. "నలభై రోజులు" అని తెలిసింది. ఇంటిపేరు సాగిపోయి అలుక్కుపోయింది, పేరు మాత్రం కష్టపడి కూడబలుక్కున్నాను. గెనొవేవా.

నా గుండె ఎంత సంతోషంతో కొట్టుకుందో దేవుడికి తెలుసు. ఎంత తెలివి, ఎంత తెలివి! ఆట కోసం దొంగ చావు కాగితం అచ్చు వేయించాడు! ఇది కనిపెట్టడం వార్నా పిల్లల తరమా?

టైము చూస్తే పన్నెండు. శనివారం మూడింటిదాకా ఇరవై ఏడు గంటలు. నియమం గుర్తొచ్చింది. గుర్తొచ్చే, పక్కన పెట్టాను. నా పేరుతోనే రాశాను: "పధ్నాలుగో నిమిషం, కెటిలు మీద నీడ. చావు కాగితం, నలభై రోజులు, గెనొవేవా. దొరికావు కాపలాదారూ! రూసె నుంచి వెలిచ్కా."

మూడింటికి చూస్తే నా కామెంటు లేదు. ఎవరో తీసేశారు. ఎవరో గిట్టనివాళ్లు, అసూయపరులు, వార్నా వాళ్లే ఏదో చేసుంటారు అని కుతకుతలాడిపోయాను. నాకు కోపమొస్తే వేళ్లు చురుగ్గా కదులుతాయి. ఈసారి అద్దంలో కనబడిన బొమ్మని ఫొటో తీసి, పెద్దది చేసి, పేరు కింద ఎర్ర గీత గీసి మళ్లీ పెట్టాను. "ఎన్నిసార్లు తీసినా పెడతాను" అని కూడా రాశాను. ఆ తరవాత స్నేహితురాలింటికి పేకాటకి వెళ్లిపోయాను.

శనివారం పొద్దున, అప్పుడప్పుడు బల్లకి తీసుకెళ్లే బనిత్సా చేశాను. పల్చటి పొరల మధ్య జున్ను, గుడ్డు, పైన వెన్న. స్పాస్‌కి ఇష్టమని అంచులు కరకరలాడేదాకా ఉంచాను. గెలిచినదాన్ని కదా, ట్రే నిండా తీసుకెళ్లాను.

ఇల్కా మొహం మాడ్చుకుని ఉంది.

"పిన్నీ, నియమం ఏమైంది?"

"నియమం నియమం అంటూ కూర్చుంటే ఆ వార్నా కుర్రకుంకలు ఎత్తుకుపోతారు. తిను, చల్లారిపోతోంది."

"మాకు ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు మించో. అంటూనే రెండో ముక్క అందుకున్నాడు. "అయినా అక్కా, నీ కళ్లు కళ్లు కావు. కెటిల్లో చూడటమేంటసలు!"

"నేను ఆ అట్టేమో అనుకున్నా" అంది ఇల్కా. "కెటిలు కిందే ఒక అట్ట ఉంది, చూశావా? నువ్విచ్చావే, అలాంటిది. నిండా కన్నాలు. పిన్ని చదువుతుందిలే అనుకున్నా."

"అది అలంకారం తల్లీ. కంప్యూటరు షో అన్నాక పాత సామాను నాలుగు పెడతారు." తలుపు దొరికేసిన గదిలో ఇంకో తలుపు ఎవరు వెతుకుతారు?

ఇల్కా కామెంట్లు చదవడానికి ఫోను తీసింది. నా పేరు ఎంతమంది మెచ్చుకున్నారో చదవమన్నాను. కాసేపు వేలితో జరుపుతూ పోయింది. వేలు ఆగింది.

"పిన్నీ, నిన్న సాయంత్రం ఎవరో ఫొటో పెట్టారు. అదే కాగితం. ఒక ఇంటి తలుపు మీద ఉంది." గొంతు తగ్గింది. "మన ఊళ్లోనే."

"నిజం కాగితమా?" అన్నాడు మించో.

ఇల్కా చదివింది. "మా అమ్మ గెనొవేవా మమ్మల్ని విడిచి నలభై రోజులు. శనివారం ఉదయం పదింటికి చర్చిలో ప్రార్థన, అందరూ రండి." అక్కడ ఆగి మా ఇద్దరి వంకా చూసింది. "కొడుకు, స్పాస్."

అలాంటి పేరున్నవాళ్లు ఊళ్లో ఎందరో ఉండొచ్చని అనబోయాను. కానీ ఆ గడ్డం గుర్తొచ్చింది. ఐదింటికి లేవడం మానేసింది గుర్తొచ్చింది. ఆరు వారాలు. లెక్క సరిగ్గా సరిపోయింది.

అప్పుడే స్పాస్ వచ్చాడు. నల్ల కోటు. నున్నగా గీసిన మొహం, గడ్డం ఉన్నచోట చర్మం పాలిపోయి ఉంది. చేతిలో సంచి. మా మొహాలు ఒకసారి చూశాడు. సంచిలోంచి మూతలున్న నాలుగు చిన్న ప్లాస్టిక్ గిన్నెలు తీసి ఒక్కొక్కరి ముందూ పెట్టాడు. ఉడికించిన గోధుమలు, పైన పంచదార పొడి, అక్రోటు ముక్కలు. చచ్చిపోయినవాళ్ల పేరున పంచేవి. అవి ఇస్తే కాదనకూడదు. "దేవుడు ఆమెని మన్నించుగాక" అన్నాం ముగ్గురం. చెంచాతో నోట్లో పెట్టుకున్నాను. ఇసక నమిలినట్టుంది.

"ఒరే, నువ్వా?" అన్నాడు మించో. వాడి గొంతు మొట్టమొదటిసారి మా బల్ల దాటలేదు. "రెండేళ్లు నీ ఎదురుగానే నిన్ను తిట్టామురా!"

"బాగా తిట్టారు. ఆ తిట్ల కోసమే వచ్చేవాణ్ని." స్పాస్ కొద్దిగా నవ్వాడు. "ఆ కర్టెను మా అమ్మే కుట్టింది, వెలిచ్కా గారూ. మీరన్నది ఇంటికెళ్లి చెబితే ఆవిడ మంచంలో పడీ పడీ నవ్వింది. శనివారాల్లో రెండు గంటలు పక్కింటావిడ కూర్చునేది ఆవిడ దగ్గర. వెళ్లగానే, ఇవాళ నిన్నేమని తిట్టారు చెప్పు అనేది."

చెంచా గిన్నెలో పెట్టేశాను. అడిగాను: "ఎప్పుడు చూశావు?"

"నిన్న మూడింటికి. ఆఫీసులో ఉన్నా. వెంటనే తీసేశాను. మీరు మళ్లీ పెట్టారు."

"ఎవరో గిట్టనివాళ్లు తీశారనుకున్నా."

"తీయడం నా తప్పేలెండి. తీస్తే, ఇది నిజం అని చెప్పినట్టే. ఇరవై రెండో భాగంలో నేనే చెప్పాను ఆ ముక్క."

"నువ్వు ఆటకి పెట్టావనుకున్నాను స్పాస్. దొంగ కాగితమనుకున్నాను."

అప్పుడు నా మొహంలోకి సూటిగా చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బావుండును.

"మన ఊళ్లో అది ఎవరైనా ఆటకి అచ్చు వేయిస్తారా, వెలిచ్కా గారూ?"

వేయించరు. బతికున్నవాళ్ల మీదికి చావుని పిలిచినట్టని మా ఇళ్లలో ఎవరూ వేయించరు. అద్దం పట్టుకుని చూస్తున్నప్పుడే నాకది తట్టి ఉండాలి. గెలుపు మీద ధ్యాసలో తట్టలేదు.

"అచ్చయి వచ్చిన కట్ట అలమారలో పెట్టాను" అన్నాడు. "ఒకటి ఆనించి ఉందని చూసుకోలేదు. ఆ వారం నేను దేన్నీ సరిగా చూసుకోలేదు." కోటు సవరించుకుని, "ఈ వారం తలుపు అది కాదు" అన్నాడు.

"మరి ఏది?" అంది ఇల్కా.

"ఇంకెందుకులే, ఇల్కా." వాడి కళ్లు బల్ల మీద ట్రే మీదికి వెళ్లాయి. "బనిత్సా తెచ్చారన్నమాట."

"నీకు అంచులిష్టమని..." అన్నాను.

ఒక ముక్క తీసుకున్నాడు. మొత్తం తిన్నాడు, చేతులు తుడుచుకున్నాడు. ఐదు కొట్టగానే, పాత అలవాటు ప్రకారం, లేచి నిలబడ్డాడు. "ఇంటి దగ్గర..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఇంటి దగ్గర పనేమీ లేదని అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మా ముగ్గురి భుజాల మీదా చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

ఇది జరిగి మూడేళ్లు. వాడి కంపెనీ మూడు వారాల్లో వాణ్ని తీసేసింది. మించో వాడికి పని కోసం నాలుగైదు చోట్ల అడిగి చూశాడు, లాభం లేకపోయింది. వసంతకాలంలో ఇల్లు అమ్మేసి సిలిస్త్రాలో చెల్లెలి దగ్గరికి వెళ్లాడని విన్నాను. నేను రెండు ఉత్తరాలు రాశాను. జవాబుగా ఒక ఈస్టరు కార్డు వచ్చింది, అందులో సంతకం తప్ప ఏమీ లేదు. మా బల్ల ఆ శనివారంతోనే ముగిసింది. ఇల్కా ఇప్పటికీ నా మాత్రలు సంచిలో వేస్తుంది, బిల్లు నేను చూడకుండానే మడిచి పెట్టుకుంటాను.

ఆ మరునాడు, ఆదివారం సంగతి ఒకటి మిగిలింది. దాన్ని మించోకి గాని ఇల్కాకి గాని నేను చెప్పలేదు.

పొద్దున్నే చూస్తే కాపలాదారు ఒక్క వాక్యం రాసి ఉన్నాడు, మధ్యాహ్నం పన్నెండుకి అన్ని భాగాలూ తీసేస్తున్నానని. అప్పటికి తొమ్మిదయింది. నూట ఐదో భాగం తెరిచాను. పధ్నాలుగో నిమిషం. కెటిలు పొట్ట వంక చూడకుండా కిందికి చూశాను.

అట్ట ఉంది. నేనిచ్చిన కట్టలోదే, మూల కత్తిరింపు చూస్తే తెలుస్తుంది. రంధ్రాలు మెషీనువి కావు, బ్లేడుతో ఒక్కొక్కటీ కోసినవి, అంచులు కాస్త వంకర. గ్లవ్స్ వేసిన వేలు దాని పక్కనే ఆగి, రెండుసార్లు మెల్లగా తట్టింది. అంత స్పష్టంగా చూపించాడు. పెన్సిలు తీసుకుని ఎడమనుంచి మొదలుపెట్టాను. మొదటి గడి. రెండో గడి. ముప్పై ఏళ్లయినా వేళ్లకి గుర్తుంది, కాగితం మీద అక్షరాలు వాటంతటవే పడుతూ పోయాయి.

ముందు నా పేరు పడింది. ఏ పేరైతే పీపా గొంతుతో వినాలని రెండేళ్లు ఎదురుచూశానో ఆ పేరు.

"వెలిచ్కా గారూ, శనివారం బనిత్సా తేవద్దు. గోధుమలు నేను తెస్తాను."

ఊళ్లో ఇంకెవరు చదివినా వంట కబురనుకుని వదిలేస్తారు. నాకైతే చాలు. మా బల్ల దగ్గర కూర్చునే మనిషే కాపలాదారని, ఆ మనిషింట్లో ఎవరో పోయారని, నోటితో చెప్పలేక ఇలా చెబుతున్నాడని ఆ రెండు వాక్యాల్లో నాకు తెలిసిపోయేది. నియమం ప్రకారం నోరు మూసుకుని శనివారం దాకా ఆగేదాన్ని. చేతులు ఖాళీగా వెళ్లి, వాడి గిన్నె అందుకుని, మీ అమ్మ పేరేమిటి నాయనా అని అడిగేదాన్ని.

అలవాటు కొద్దీ రెండోసారి మొదటినుంచి సరిచూశాను. గడి గడికీ ఆగి, ఎక్కడైనా తేడా వస్తుందేమోనని చూశాను. బ్లేడుతో కోసిన అన్ని రంధ్రాల్లో ఒక్కటీ పక్కకి పడలేదు. నేను నేర్పినదంతా వాడికి అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

పన్నెండింటికి తెర నల్లబడింది. వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద ట్రేలో బనిత్సా సగానికి పైగా అలాగే మిగిలి ఉంది.